చెరువు కట్ట పనికి 12 శాతం ఇచ్చారు, 18 కట్టమంటున్నారు: లైసెన్సు వదిలేయాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. నాకు 34 ఏళ్లు. ఒక పెద్ద కాంట్రాక్టరు దగ్గర సైట్ల మీద పనిచేసి, తర్వాత సొంతంగా లైసెన్సు తీసుకున్నాను. పోయిన ఎండాకాలం ఒక చెరువు కట్ట బలోపేతం పని చేశాను. జీఎస్టీ కాకుండా పని విలువ 20 లక్షలు. దాదాపు అంతా మట్టి పనే. వానలు పడకముందే, 2025 జూన్‌లో పూర్తి చేశాను. జులైలో ఎంబీ (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు) రికార్డయింది. ఆగస్టులో 8 లక్షల పార్ట్ బిల్లు వచ్చింది. మిగతా 12 లక్షల ఫైనల్ బిల్లుకు నవంబరులో ఇన్వాయిస్ అడిగితే ఇచ్చాను, డబ్బు డిసెంబరులో పడింది. రెండు బిల్లులకూ ఎస్టిమేట్‌లో ఉన్నట్టు 12 శాతమే జీఎస్టీ ఇచ్చారు. నేను కూడా అంతే కట్టాను.

ఇప్పుడు కొత్త అకౌంటెంటు ఫైనల్ బిల్లుకు 18 శాతం కట్టాలి, 72 వేలు తక్కువ కట్టావు అంటున్నాడు. ఇన్‌కం ట్యాక్స్ 1 శాతం, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం అని ఇప్పటికే 60 వేలు బిల్లుల్లో పోయాయి. లేబర్ సెస్సు, సీనరేజ్ (మట్టి, కంకర మీద ప్రభుత్వానికి కట్టే రుసుం), ఎఫ్ఎస్‌డీ (పనికి హామీగా ఆపి ఉంచే డిపాజిట్) వేరే. జేసీబీ ఓనరుకు ఇంకా 90 వేలు బాకీ. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి నడుపుతున్నాను. ఒక దోస్తు సిమెంటు బిల్లులు కొనుక్కుంటే జీఎస్టీ తగ్గుతుందంటాడు. ఇంకొకరు భార్య పేరు మీద కొత్త లైసెన్సు తీసుకో, పాతది వదిలెయ్ అంటారు. సబ్ కాంట్రాక్టు చేసిన చోట పెద్దాయన నా బిల్లుకు జీఎస్టీ ఇవ్వనంటున్నాడు. ఇదంతా వదిలేసి హైదరాబాద్‌లో సైట్ సూపర్‌వైజర్ ఉద్యోగానికి పోదామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక చిన్న కాంట్రాక్టరు

సమాధానం: తమ్ముడూ, ముందు ఒక మాట. మీరు పోయాయంటున్న 60 వేలు పోలేదు. మీ పేరు మీదే ఉన్నాయి, మీరు వెళ్లి తెచ్చుకోలేదు, అంతే. ఆ 72 వేల తలనొప్పికి సగానికి పైగా మందు అందులోనే ఉంది. కాబట్టి లైసెన్సు సంగతి, హైదరాబాద్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. బిల్లు ముక్కను ముందు పెట్టుకుని ఒక్కో గీతా చూద్దాం.

మొదట ఆ 72 వేలు. మీ అకౌంటెంటు చెప్పింది నిజమే. ప్రభుత్వానికి చేసే మట్టి పనికి, అంటే పని విలువలో 75 శాతానికి మించి మట్టి పని ఉన్న కాంట్రాక్టుకు, ఒకప్పుడు జీఎస్టీ 5 శాతమే. 2022 జులై 18 నుంచి దాన్ని 12 చేశారు. సీసీ రోడ్లు, డ్రైన్లు, బడి గదుల్లాంటి మిగతా ప్రభుత్వ పనులను 12 నుంచి 18కి పెంచింది కూడా అదే రోజు. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22న 12 శాతం శ్లాబునే దాదాపు ఎత్తేశారు. టీవీల్లో సబ్బుల ధరలు, టూత్‌పేస్టుల ధరలు తగ్గాయన్న వార్తలే వచ్చాయి. మట్టి పని 12 నుంచి 18కి వెళ్లిందన్న సంగతి మన దగ్గర చెరువుల పనులు చేసేవాళ్లలో చాలామందికి ఫైనల్ బిల్లు దాకా తెలియలేదు. మీకు తెలియకపోవడంలో వింతేమీ లేదు.

"నా టెండరు పాత రేటప్పుడు అయింది, పని కూడా పాత రేటప్పుడే అయిపోయింది, మరి కొత్త రేటు నాకెందుకు?" అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జీఎస్టీ చట్టంలో 14వ సెక్షన్ దీనికే ఉంది. రేటు మారినప్పుడు అది మూడు తేదీలు చూస్తుంది: పని జరిగిన తేదీ, ఇన్వాయిస్ తేదీ, డబ్బు వచ్చిన తేదీ. మూడింటిలో ఏ రెండు ఒకవైపు పడితే ఆ వైపు రేటే వర్తిస్తుంది. టెండరు తేదీకి, అగ్రిమెంటు తేదీకి ఇందులో చోటు లేదు. మీ పార్ట్ బిల్లుకు మూడూ సెప్టెంబరు 22కు ముందే ఉన్నాయి కాబట్టి దానికి 12 శాతం సరిపోయింది, దాన్ని ఎవరూ కదపలేరు. ఫైనల్ బిల్లుకు పని ఒక్కటే ముందు జరిగింది. ఇన్వాయిస్ నవంబరు, డబ్బు డిసెంబరు. రెండూ తర్వాతే. అందుకని 18 శాతం. 12 లక్షల మీద 6 శాతం తేడా, 72 వేలు. లెక్క కచ్చితంగా ఉంది.

జులైలో ఎంబీ రికార్డయిన రోజే మీరు ఇన్వాయిస్ ఇచ్చి ఉంటే రెండు తేదీలు పాతవైపు పడి 12 శాతంతోనే పోయేది. ఇది చదివి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. బిల్లు డబ్బు ఏ తేదీకి ఇవ్వాలో అగ్రిమెంటులో లేకపోతే, డబ్బు చేతికి వచ్చేలోపు ఇన్వాయిస్ ఇస్తే చాలని 31వ సెక్షనే చెబుతోంది. ఫలానా దశ పూర్తయితే ఇంత ఇస్తామని అగ్రిమెంటులో రాసుకుంటే మాత్రం ఆ దశ పూర్తయ్యేసరికే ఇవ్వాలి. పైగా జులైలోనే ఇన్వాయిస్ ఇస్తే ఆగస్టులో చేతి నుంచి 1.44 లక్షల జీఎస్టీ కట్టి, డిసెంబరు దాకా బిల్లు కోసం ఎదురు చూడాల్సి వచ్చేది. రేటు మారుతుందని జులైలో ఎవరికీ తెలియదు. మీరు చేసింది చిన్న కాంట్రాక్టరు ఎవరైనా చేసే పనే.

ఇక్కడ ఒక్కటి సరిచూసుకోండి. "దాదాపు అంతా మట్టి పనే" అన్నారు. ఎంబీ నకలు తీసుకుని ఐటెం వారీగా కూడండి. రాతి కట్టుడు, తూము కాంక్రీటు కలిపి పావు వంతు దాటితే అది మట్టి పని కిందకే రాదు, అప్పుడు పార్ట్ బిల్లుకు కూడా 18 శాతమే పడేది. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ భయం కనిపించడం లేదు. అయినా కాగితం మీద చూసుకుంటే నిద్ర పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ 72 వేలు భరించాల్సింది ఎవరు? న్యాయంగా అయితే మీరు కాదు. మన దగ్గర ప్రభుత్వ ఎస్టిమేట్లలో పని విలువ ఒక గీత, దాని కింద జీఎస్టీ వేరే గీత ఉంటుంది. మీరు టెండరులో లెస్ వేసింది, అంటే ఎస్టిమేట్ కంటే తగ్గించి కోట్ చేసింది, పని విలువ మీదే. జీఎస్టీ గీత ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునే డబ్బు, మీరు మధ్యలో మోసేవాళ్లు మాత్రమే. ఎస్టిమేట్ మంజూరైనప్పుడు ఆ గీతలో 12 శాతం రాశారు. బిల్లు రాసేవాళ్లు దాన్నే దించేశారు. మంజూరైనదానికి మించి రాసే అధికారం వాళ్లకు ఉండదు. కాబట్టి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)తో గొడవ పడి లాభం లేదు. తేడా మొత్తానికి సవరణ మంజూరు రావాలి, అది పైనుంచి రావాలి.

దానికి మీరు చేయాల్సింది ఇది. ముందు అగ్రిమెంటు తీసి పన్నుల క్లాజు చదవండి. రేట్లు జీఎస్టీ కాకుండా అని ఉంటే, లేదా చట్టం మారి పన్ను పెరిగితే ఆ మేరకు ఇస్తామని ఉంటే మీ పక్షం బలంగా ఉన్నట్టు. అన్ని పన్నులూ కలిపే అని ఉంటే కష్టమే, అయినా అడగడం మానొద్దు, ఎస్టిమేట్‌లోని వేరే గీతను చూపించి అడగండి. తర్వాత 72 వేలకు డిపార్ట్‌మెంటు పేరున డెబిట్ నోటు తయారు చేయించండి. ఇన్వాయిస్‌లో పన్ను తక్కువ పడినప్పుడు చట్టం ఇచ్చిన దారి అదే. దాన్ని జతచేసి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారి పేరున దరఖాస్తు రాయండి. అగ్రిమెంటు నంబరు, ఎస్టిమేట్‌లో ఉన్న జీఎస్టీ శాతం, రేటు మారిన తేదీ, మీ ఇన్వాయిస్ తేదీ, డబ్బు పడిన తేదీ, తేడా మొత్తం. ఇవి ఒక్క పేజీలో పడాలి. కష్టాల కథ అక్కర్లేదు. రేటు మార్చిన నోటిఫికేషన్ కాపీ, 14వ సెక్షన్ పేజీ జత చేయండి. ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోకుండా ఆ గది నుంచి బయటికి రావద్దు. నోటిమాటగా "చూద్దాంలే" అన్నది ఆ సీటులో మనిషి మారగానే పోతుంది. ఇన్‌వార్డ్ నంబరు ఉన్న కాగితం ఫైలులో ఉంటుంది. మీలాగే సెప్టెంబరు తర్వాత ఫైనల్ బిల్లులు అందుకున్నవాళ్లు మీ డివిజన్‌లో ఇంకా ఉంటారు. అందరూ ఎవరి దరఖాస్తు వాళ్లు ఇచ్చి, కలిసి ఒకసారి వెళ్లి అడగండి. ఒక్కడి 72 వేల కోసం ఫైలు కదలకపోవచ్చు, పది మంది అడిగితే దాన్ని విధానంగా చూస్తారు.

అది వచ్చేదాకా పన్ను ఆపుకోవాలా? ఆపొద్దు. డిపార్ట్‌మెంటు ఇచ్చినా ఇవ్వకపోయినా జీఎస్టీ శాఖకు జవాబుదారీ మీరే. ఆలస్యానికి వడ్డీ ఏడాదికి 18 శాతం, 72 వేల మీద నెలకు 1,080 రూపాయలు. నవంబరు ఇన్వాయిస్‌కు డిసెంబరు 20 గడువు కాబట్టి ఐదు నెలలకు 5,400 దాకా అయింది. నోటీసు రాకముందే మీ అంతట మీరు పన్ను, వడ్డీ కట్టేస్తే జరిమానా ఉండదు. నోటీసు, ఆర్డరు దాకా పోతే ఉంటుంది.

మొత్తం 77,400 ఎక్కడి నుంచి తేవాలి అంటారా? ఇక్కడికే వస్తున్నాను. మీ రెండు బిల్లుల్లో జీఎస్టీ టీడీఎస్ కింద 2 శాతం కోశారు. 20 లక్షల మీద 40 వేలు. 2018 అక్టోబరు నుంచి రెండున్నర లక్షలు దాటిన ప్రతి ప్రభుత్వ కాంట్రాక్టులో ఇది కోస్తున్నారు. చాలామంది దీన్ని పన్ను అనుకుంటారు, కాదు. అది మీరు కట్టాల్సిన జీఎస్టీకి ముందస్తుగా మీ ఖాతాలో వేసిన డబ్బు. కాకపోతే దానంతట అది ఖాతాలోకి రాదు. కోసిన ఆఫీసు తర్వాతి నెల 10లోపు జీఎస్టీఆర్-7 అనే రిటర్న్ వేస్తుంది. అప్పుడు మీ జీఎస్టీ పోర్టల్‌లో సర్వీసెస్, అందులో రిటర్న్స్, అందులో "టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్" అనే చోట ఆ మొత్తం కనిపిస్తుంది. మీరు దాన్ని యాక్సెప్ట్ చేసి ఫైల్ చేస్తేనే క్యాష్ లెడ్జర్‌లో పడుతుంది. మీరు అకౌంటెంటును మార్చారంటే పాతాయన ఆ బటన్ నొక్కాడో లేదో తెలియదు. "60 వేలు పోయాయి" అని మీరు రాసిన తీరు చూస్తే నొక్కలేదనే అనిపిస్తోంది. ఈ రోజే లాగిన్ చేయించి మీ కళ్లతో చూడండి. ఆగస్టు, డిసెంబరు నెలల ఎంట్రీలు అక్కడ లేకపోతే కోసిన ఆఫీసు రిటర్న్ వేయలేదని, లేదా మీ జీఎస్టీ నంబరు తప్పు కొట్టారని అర్థం. అప్పుడు బిల్లు కాపీ పట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్లాలి.

ఆ 40 వేలు లెడ్జర్‌లోకి వస్తే, వాడుకోకుండా అలాగే ఉంటే, మీ జేబు నుంచి పడేది 37,400. నూటికి మూడు రూపాయల మిత్తికి 77 వేలు తేవడానికి, 37 వేలు సర్దుకోవడానికి ఎంత తేడా ఉందో మీకు నేను చెప్పాలా. ఆ మిత్తి ఏడాదికి 36 శాతం. జీఎస్టీ వడ్డీకి రెట్టింపు.

మిగతా 20 వేలు ఇన్‌కం ట్యాక్స్ టీడీఎస్. సొంత పేరు మీద పనిచేసే కాంట్రాక్టరుకు 1 శాతం, కంపెనీలకు, భాగస్వామ్య సంస్థలకు 2 శాతం. మీ ఆదాయం పన్ను పడేంత లేకపోతే ఇది మొత్తం వెనక్కి వస్తుంది. మీ ఏడాది టర్నోవరు 2 కోట్లలోపే కాబట్టి 44ఏడీ (చిన్న వ్యాపారాలకు అంచనా లాభం మీద పన్ను వేసే సెక్షన్) కింద ఐటీఆర్-4 వేయొచ్చు. బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బు మీద కనీసం 6 శాతం లాభం చూపితే లెక్కల పుస్తకాల బాధ ఉండదు. నిజంగా లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. సబ్ కాంట్రాక్టుతో కలిపి 35 లక్షల టర్నోవరు అనుకున్నా 6 శాతం అంటే 2.10 లక్షలు. కొత్త విధానంలో 2025-26కు 4 లక్షల దాకా పన్నే లేదు. రిటర్న్ వేసిన తర్వాత 20 వేలు మీ బ్యాంకు ఖాతాలో పడతాయి. వేసే ముందు ఫారం 26ఏఎస్ తీసి రెండు బిల్లుల టీడీఎస్ కనిపిస్తోందా, పాన్ నంబరు సరిగ్గా ఉందా చూసుకోండి. ఒక చిన్న సంగతి: 1 శాతం కోయాల్సింది జీఎస్టీ కాకుండా ఉన్న విలువ మీద. జీఎస్టీ వేరేగా చూపించిన బిల్లులో మొత్తం మీద కోస్తే అడగండి.

ముందు సంవత్సరాల్లో "పన్ను పడదు కదా" అని రిటర్న్ వేయలేదేమో. మా దగ్గరికి వచ్చే చిన్న కాంట్రాక్టర్లలో ఈ మాట ఎక్కువగా వింటాం, వినగానే బాధేస్తుంది. ఆ టీడీఎస్ కూడా మీదే. గడువు దాటిన ఏళ్లకు ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకుని రీఫండ్ అడిగే వీలుంది. ఆ అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోపు పెట్టాలి, ఆలస్యానికి సరైన కారణం చూపాలి. అప్‌డేటెడ్ రిటర్న్ వేస్తే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, దాంట్లో రీఫండ్ రాదు. ఇంకోటి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. కాంట్రాక్టర్ల కోత ఇదివరకు 194సీ, ఇప్పుడు 393వ సెక్షన్ కిందకు వచ్చింది. బిల్లు మీద నంబరు మారిందని టెన్షన్ పడొద్దు, మీ 1 శాతం 1 శాతమే.

లేబర్ సెస్సు 1 శాతం మాత్రం తిరిగి రాదు. సీనరేజ్ కూడా అంతే, అవి ఖర్చే. అయితే ఆ సెస్సు భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధికి పోతుంది. మీ కట్ట మీద పనిచేసినవాళ్లలో 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు కార్మిక శాఖలో పేరు నమోదు చేసుకోవచ్చు. వాళ్లు పని చేసినట్టు మీరు రాసిచ్చే కాగితం వాళ్లకు పనికొస్తుంది. డబ్బులు ఎలాగూ మీ బిల్లు నుంచి పోయాయి, ఆ కార్డు వాళ్ల ఇంటికి చేరేలా చూడండి. ఎఫ్ఎస్‌డీ సంగతి మీకు తెలిసిందే. డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పనిలో లోపాలకు మీరు బాధ్యులుగా ఉండే కాలం) ఏ రోజుతో ముగుస్తుందో ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఆ మర్నాడే దరఖాస్తు ఇవ్వండి. అడగనివాడి ఎఫ్ఎస్‌డీ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

ఇక దోస్తు చెప్పిన సిమెంటు బిల్లులు. దీని గురించి మెత్తగా చెప్పలేను. వద్దు. మీ పని మట్టి కట్ట. ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి పోశారో, ఎంత రోలింగ్ చేశారో ఎంబీలో ఏఈ చేతిరాతతో ఉంది, ఆయన పై అధికారి డీఈ చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెట్టాడు. అందులో లేని రెండు లారీల సిమెంటు మీ జీఎస్టీ లెక్కలో కనిపిస్తే, మీ మీద సాక్ష్యం చెప్పేది ఆ ఎంబీయే. సరుకు రాకుండా బిల్లు మీద క్రెడిట్ తీసుకుంటే (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సినదాంట్లో తగ్గించుకుంటే) ఆ క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి, దాంతో సమానంగా జరిమానా, జీఎస్టీ నంబరు రద్దయ్యే ప్రమాదం. నంబరు రద్దయితే టెండరే వేయలేరు. బిల్లులు అమ్మినవాడు దొరికిన రోజు అతని లిస్టులో మీ పేరు ఉంటుంది. 72 వేల కోసం మీ లైసెన్సును అంత చవగ్గా అమ్ముకోకండి.

మట్టి పనిలో క్రెడిట్ తక్కువ రావడం మీ తప్పు కాదు. ఖర్చంతా డీజిల్, జేసీబీ కిరాయి, టిప్పర్ల కిరాయి. డీజిల్ జీఎస్టీలోనే లేదు, దాని మీద వ్యాట్‌కు క్రెడిట్ రాదు. ఊళ్లలో జేసీబీ, ట్రాక్టర్ల ఓనర్లకు జీఎస్టీ నంబర్లు ఉండవు, కాబట్టి వాళ్ల కిరాయి మీదా రాదు. అందుకే మట్టి పనిలో డిపార్ట్‌మెంటు ఇచ్చిన జీఎస్టీ దాదాపు మొత్తం నగదుగా కట్టాల్సి వస్తుంది. సిమెంటు 28 నుంచి 18కి తగ్గిందని సంతోషించేవాళ్లకు కూడా ఒక మాట: రిజిస్టరైన కాంట్రాక్టరుకు ఆ 28 ఎలాగూ క్రెడిట్‌గా వచ్చేదే. ఇప్పుడు కొనేటప్పుడు చేతి నుంచి పెట్టాల్సింది తగ్గింది, లాభం పెరగలేదు.

భార్య పేరు మీద లైసెన్సు విషయం. కొత్త లైసెన్సుకు మీ పాత పనుల అనుభవం రాదు, కింది క్లాసు నుంచి మొదలు. మీ పాత జీఎస్టీ బాకీ ఎక్కడికీ పోదు. పెట్టుబడీ మీదే, పనీ మీదే అయి సంతకం మాత్రం ఆమెదైతే, రేపు నోటీసు వచ్చినా, కూలీల గొడవ అయినా, నాణ్యత మీద విచారణ అయినా జవాబు చెప్పాల్సింది ఆ అమ్మాయి. ఆమెకు నిజంగా ఈ పని చేయాలని ఉంటే సంతోషం, నేర్పించి పెట్టండి. పన్ను తప్పించుకోవడానికైతే ఆమెను దీంట్లోకి లాగొద్దు.

సబ్ కాంట్రాక్టు దగ్గర మీ చేతిలో బలం ఉంది, మీకు తెలియడం లేదు. పెద్దాయనకు మీరు చేసే పని మీద కూడా 18 శాతమే. మీరు ఇన్వాయిస్ ఇచ్చి, జీఎస్టీఆర్-1 (మీ అమ్మకాల రిటర్న్)లో చూపిస్తేనే ఆయన 2బీ (ఆయనకు వచ్చే క్రెడిట్ల జాబితా)లో కనిపిస్తుంది, అప్పుడే ఆయనకు క్రెడిట్ వస్తుంది. అంటే ఆయన మీకిచ్చే జీఎస్టీ ఆయన జేబు నుంచి పోయేది కాదు, తను కట్టాల్సినదాంట్లో తగ్గేదే. దీన్ని కోపంగా కాకుండా కాగితం మీద లెక్క వేసి చూపించండి. ఇంకో సంగతి, మీ ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు ఇవ్వకపోతే తీసుకున్న క్రెడిట్ ఆయన వడ్డీతో వెనక్కి కట్టాలి. ఆయన అకౌంటెంటుకు ఈ సంగతి బాగా తెలుసు, ఆయనతో మాట్లాడండి. ఇదే నియమం మీకూ ఉంది: మీరు క్రెడిట్ తీసుకున్న కొట్టు బాకీ 180 రోజులు దాటకుండా చూసుకోండి. వచ్చే పనికి మాత్రం నోటి ఒప్పందం వద్దు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అయినా రేటు ఇంత, జీఎస్టీ అదనం అని రాయించుకోండి.

50 లక్షలలోపు టర్నోవరుకు 6 శాతం కాంపొజిషన్ (టర్నోవరు మీద ఒకే రేటు కట్టే పద్ధతి) ఉంది కదా, అందులోకి మారితే బాగుంటుందని కూడా ఎవరైనా చెప్పొచ్చు. మీకు సరిపడదు. అందులో ఉన్నవాళ్లు పన్ను వసూలు చేయకూడదు. డిపార్ట్‌మెంటు జీఎస్టీ గీత మీకు రాదు, 6 శాతం మీ లాభంలోంచి కట్టాలి. పెద్దాయనకు క్రెడిట్ రాదు కాబట్టి ఆయన మీకు పనే ఇవ్వడు.

ఇకపై చేసే పనుల్లో ఒక్క అలవాటు మార్చుకుంటే చాలు. బిల్లు డబ్బు పడిన రోజే అందులోని జీఎస్టీ భాగాన్ని వేరే ఖాతాలోకి తీసేయండి. మన కాంట్రాక్టర్లు మునిగేది ఎక్కువగా ఇక్కడే. బిల్లు పడుతుంది, జేసీబీ ఓనరు, మేస్త్రీ, కంకర క్వారీ వాళ్లు అదే రోజు వస్తారు, జీఎస్టీ డబ్బు కూడా వాళ్లకే పోతుంది, 20వ తేదీకి మళ్లీ మిత్తికి పరుగు. టెండరు వేసేటప్పుడు ఎస్టిమేట్‌లో జీఎస్టీ గీత చదవండి. ఇప్పటికీ పాత 12 శాతంతోనే ఉంటే లెస్ వేసేముందే ఈఈ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే మిత్తి ఎంతవుతుందో కూడా లెక్కలో వేసుకుని, ఆ తర్వాత లెస్ ఎంతో నిర్ణయించుకోండి. పక్కవాడు 20 శాతం లెస్‌కు వేశాడని మీరు 21 వేయొద్దు.

జేసీబీ ఓనరు దగ్గరికి ఈ వారమే వెళ్లండి, తప్పించుకు తిరగొద్దు. ఐటీ రీఫండ్ 20 వేలు ఎప్పుడొస్తుందో, తేడా బిల్లుకు దరఖాస్తు పెట్టారో లేదో కాగితాలతో చెప్పి, నెలకు ఇంత అని మాట ఇవ్వండి. ఆయనా ఈఎంఐలు కట్టుకునేవాడే, లెక్క చూపిస్తే అర్థం చేసుకుంటాడు.

హైదరాబాద్ సంగతి. కాకతీయులు తవ్వించిన చెరువులున్న జిల్లాలు మనవి, వాటి కట్టలకు ఏటా మీలాంటి వాళ్ల చేతి పని కావాలి. మీరు ఉండాలనే నా మనసు కోరుకుంటుంది. అయినా అది నా కోరిక మీద తేలే విషయం కాదు. గత మూడు పనులు తీసుకోండి. ఒక్కో పనికి జీఎస్టీ పూర్తిగా పక్కన పెట్టి, రెండు రకాల టీడీఎస్‌లను రావాల్సిన డబ్బుగా రాసి, మిత్తిని ఖర్చుగా రాసి, మీ రోజు కూలీ కూడా వేసుకుని చూడండి. అప్పుడు కూడా ఏదో మిగిలితే ఈ పని మిమ్మల్ని మోయగలదు, మీరు ఇబ్బంది పడ్డది పన్నుతో కాదు, చేతిలో పెట్టుబడి లేక. అప్పుడు మిత్తి తీర్చేదాకా చిన్న పనులే పట్టండి. మిగిలింది ఫైనాన్స్ ఇచ్చినవాడి మిత్తికే పోయిందని తేలితే ఉద్యోగానికి వెళ్లడంలో తప్పు లేదు, చిన్నతనమూ లేదు. వెళ్తే మాత్రం జీఎస్టీ నంబరును గాలికి వదిలి వెళ్లకండి. సున్నా రిటర్న్‌లు వేయకపోయినా రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుం పడుతుంది. రద్దుకు దరఖాస్తు పెట్టి, రద్దయిన మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్న్ వేయండి. క్యాష్ లెడ్జర్‌లో మిగిలింది ఉంటే రీఫండ్ అడగండి. బ్యాంకు ఖాతాను, ఫోను నంబరును మాత్రం ఎఫ్ఎస్‌డీ చేతికొచ్చేదాకా మార్చకండి.